కవాటము తెరచుకొను క్షణము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలవారికి ఒక ఉమ్మడి శబ్దము కలదు. వేకువజామున, వీథులింకను సద్దుమణిగియున్న వేళ, ఆర్.టి.సి. చౌరస్తా వైపునుండి వచ్చు తొలి బస్సుల చప్పుడది. పడకమీద నున్నవారు సైతము ఆ చప్పుడునుబట్టి బండి నిలిచియున్నదో, కదలినదో, బరువుతో మూలుగుచున్నదో చెప్పగలరు. రేడియో వినువారికి చెవిని నమ్ముట క్రొత్తగాదు. కావున ఆ చప్పుడు వెనుక దాగియున్న ఒక చిన్న ఇరుసుయొక్క చరిత్రను ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి. ఆ ఇరుసు పేరు కామ్‌షాఫ్టు. ఇంజను ఎంత పెద్దదనునది మనము చూచి చెప్పగలము. కాని అది ఎట్లు పరుగెత్తుననునది ఈ ఇరుసు నిర్ణయించు వేళలపై ఆధారపడియుండును.

మొదట ఇంజను పనిని నాలుగు మాటలలో చెప్పుకొందము. 1876లో జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో నిర్మించి చూపిన నాలుగు దశల ఇంజనే నేటి పెట్రోలు కార్లకు మూలము. సిలిండరులో పిస్టను క్రిందికి దిగునపుడు గాలియు ఇంధనమును లోనికి వచ్చును. పైకెక్కునపుడు అవి అదుముడు పడును. మంట పుట్టి పిస్టనును మరల క్రిందికి నెట్టును. తిరిగి పైకి వచ్చునపుడు పొగ వెలుపలికి పోవును. ఇన్నియు జరుగుటకు క్రింది క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. గాలి వచ్చుటకొక ద్వారము, పొగ పోవుటకొక ద్వారము కలవు. ఆ ద్వారముల తలుపులే కవాటములు. మన మెకానిక్కులు వాల్వులందురు. రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే ప్రతి కవాటము తెరచుకొనవలెను గనుక, వానిని తెరచు కామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టులో సగము వేగముతో తిరుగును. దాని పళ్ళచక్రమునకు పళ్ళు రెట్టింపుండుటకు కారణమిదియే.

కామ్ అనగా గుండ్రని ఇరుసుకు ఒకప్రక్క పొడుచుకొని వచ్చిన ఉబ్బు. ఇరుసు తిరిగినపుడు ఆ ఉబ్బు ఎదుటి వస్తువును పైకెత్తి విడచును. ఇది మోటారు యుగమున పుట్టినది కాదు. 1206లో అల్ జజరీ అను యంత్రశాస్త్రజ్ఞుడు తన గ్రంథమున వర్ణించిన యంత్రములలోనే ఇట్టి ఇరుసులు కలవు. వింతయేమనగా, తొలినాటి మోటారుకార్లు పెక్కింటిలో గాలి కవాటమునకు కామ్ లేనేలేదు. పిస్టను దిగునపుడు కలుగు పీల్పునకు అది తనంతట తానే తెరచుకొనెడిది. నెమ్మదిగా తిరుగు ఇంజనుకు అది చాలినది. వేగము పెరిగిన కొలది, పీల్పు కలిగిన తరువాత తెరచుకొను తలుపు ఆలస్యపు తలుపేయని నిర్మాతలు గ్రహించిరి. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో గాలి కవాటమును గూడ కామ్ చేతిలో పెట్టిరి. అప్పటినుండి ఏ క్షణమున తెరువవలెను, ఏ క్షణమున మూయవలెననునది మనుష్యుడు నిర్ణయింపవలసిన విషయమైనది.

అట్టి ఇంజనొకటి మన నగరమునకు తొలిదినములలోనే వచ్చినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ కంపెనీకి ఒక సిల్వర్ గోస్ట్ కారు చేయుటకు ఉత్తరువిచ్చెను. అది చేరకముందే, 1911 ఆగస్టు 29వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. పసుపువన్నెతో, లోపల సింహాసనము వంటి పీఠముతో వచ్చిన ఆ కారు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలమున ఊరేగింపులకు ఉపయోగపడినది. నేడు దానిని చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. ఆ తరహా కారు ఇంజనులో ఆరు సిలిండర్లు. మొత్తము పరిమాణము సుమారు ఏడున్నర లీటర్లు. శక్తి మాత్రము 50 అశ్వముల ప్రాంతమున నుండెడిది. అంత పెద్ద ఇంజనుకు అంత కొద్ది శక్తియా యని నేటివారు నవ్వవచ్చును. కాని నిర్మాతలు కోరినది పరుగు కాదు, నిశ్శబ్దము. కవాటములు మెల్లగా లేచి మెల్లగా వాలునట్లు కామ్ చెక్కబడినది. ఏనుగు అంబారీ వలె కదలవలసిన బండికి అదియే తగిన వేళ.

సామాన్యుని బండి 1932లో వచ్చినది. ఆ సంవత్సరము జూన్ 15వ తేదీన నిజాం స్టేట్ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమైనది. ఆ బస్సులు స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున ఆల్బియన్ కంపెనీ చేసినవి. ఉదయించు సూర్యుడు ఆ కంపెనీ చిహ్నము. సూర్యోదయమంత నిశ్చయమని దాని ప్రకటన. బస్సుల నంబర్లలో కనిపించు జడ్ అను ఇంగ్లీషు అక్షరము నిజాముగారి తల్లి జహ్రా బేగం పేరునకు గుర్తని నగరమున చెప్పుకొందురు. 1951 నవంబరు 1వ తేదీన ఈ శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపు శాఖయైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణ సంస్థ వేరుపడినది. చిక్కడపల్లికి ఆనుకొనియున్న నాలుగు దారుల కూడలికి ఈ సంస్థ పేరే నిలిచినది. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి అచ్చటి బస్ భవన్‌లో భద్రపరుపబడినది.

కవాటములు ఏ వేళ తెరచుకొనవలెననుటకు ఈ బస్సే మంచి ఉపమానము. పుస్తకములో వ్రాసినట్లు చూచినచో, పిస్టను పైకొసనుండగా గాలి కవాటము తెరచుకొని, క్రిందికొస చేరగానే మూసికొనవలెను. చిక్కడపల్లి బస్టాపులో బండి ఆగినదనుకొందము. దిగువారందరును దిగినదాక ఎక్కువారు ఆగుదురా? కడపటివాడు ఒక తలుపునుండి దిగుచుండగనే, మొదటివాడు రెండవ తలుపున ఎక్కును. బండి నిండినట్లే కనిపించినను, సందులోనుండి పరుగెత్తి వచ్చువారికై కండక్టరు ఒక్క నిముసము ఆపి, అప్పుడు గాని రైట్ చెప్పడు. గాలి సంగతియు నింతే. గాలికి బరువున్నది; కదలుటకు జాగుచేయును, కదలిన పిమ్మట ఆగనొల్లదు. కావున గాలి కవాటమును పిస్టను పైకొసకు చేరకముందే తెరువవలెను. పిస్టను అడుగంటి మరల పైకి మొగ్గిన తరువాత గూడ కొంతసేపు తెరచియే యుంచవలెను. పరుగుమీదనున్న గాలి ఇంకను లోనికి వచ్చుచునే యుండును. పొగ కవాటము కూడ ముందు తెరచుకొని ఆలస్యముగా మూసికొనును. రెండు తలుపులును కొంతసేపు ఒక్కసారే తెరచియుండును. వెలుపలికి పోవు పొగ తన వెనుక క్రొత్తగాలిని లాగుకొనివచ్చును.

ఇందులో ఒక చిక్కు కలదు. పరుగెత్తి వచ్చువారుంటేనే బండి ఆపుటలో లాభము. తెల్లవారుజామున ఒంటరి బస్టాపులో తలుపులు తెరచి నిలుచున్నచో కాలము వ్యర్థము. అట్లే, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు గాలికి ఊపుండదు. అప్పుడు తలుపు ఆలస్యముగా మూసినచో, లోనికి వచ్చిన గాలిని పిస్టను తిరిగి వెలుపలికే నెట్టును. పొగయు క్రొత్తగాలియు కలిసిపోవును. ఇంజను కుంటును, వణకును, పెట్రోలు త్రాగును. పందెపు కారు నిలిచియున్నపుడు గుఱ్ఱము గిట్టలు కొట్టినట్లు తడబడు శబ్దము చేయుటకు కారణమిదియే. అది రోగము కాదు. వేగము కొఱకు చెల్లించిన మూల్యము.

ఈ మూల్యమెంతయో మనకు చిరపరిచితమైన కారులోనే చూడవచ్చును. హిందూస్థాన్ మోటార్సువారి అంబాసిడరు మొదట ప్రక్క కవాటముల ఇంజనుతో వెలువడి, 1959లో 1489 ఘన సెంటీమీటర్ల పై కవాటముల ఇంజను ధరించినది. 2014లో తయారీ నిలిచిపోవునంతదాక మన వీథులలో మంత్రులను, డాక్టర్లను, పెండ్లికొడుకులను మోసినది. దాని శక్తి యాభై అశ్వములకు కొంచెము పైన. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎం.జి.ఏ. అను పందెపు తరహా కారులోని ఇంజను దీనికి సోదరుడే. పరిమాణము అవే 1489 ఘన సెంటీమీటర్లు. కాని దాని శక్తి 68, తరువాత 72 అశ్వములు. రెండు కార్బ్యురేటర్లు, గట్టి అదుముడు, వేరొక కామ్ – ఇవియే తేడా. ఎం.జి. కామ్ గాలి కవాటమును పైకొసకు 16 డిగ్రీల ముందు తెరచి, క్రిందికొసకు 56 డిగ్రీల తరువాత మూయును. పొగ కవాటమును క్రిందికొసకు 51 డిగ్రీల ముందు తెరచి, పైకొసకు 21 డిగ్రీల తరువాత మూయును. లెక్క వేసినచో ఒక్కొక్క కవాటము 252 డిగ్రీలు తెరచియుండును. రెండును కలిసి తెరచియుండునది 37 డిగ్రీలు. నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు ప్రతి కవాటము సెకనుకు 50 సారులు లేచి వాలును. మనము కనురెప్ప వాల్చి ఎత్తునంతలో ఐదారు సారులు దాని పని ముగియును. అట్టి వేగమున రెండు మూడు డిగ్రీల తప్పు గూడ తప్పే.

ఈ డిగ్రీలను చేతితో కుదుర్చు విధానమును మేము పుస్తకమున గాక, చిక్కడపల్లి సందులోని ఒక చిన్న దుకాణమున చూచితిమి. అచ్చటి ఉస్తాదు వయసు మళ్ళినవాడు. పళ్ళచక్రములమీద కంపెనీవారు వేసిన చుక్కలను ఎదురెదురుగా నిలిపినచో సరిపోదా యని మేమడిగితిమి. "సాబ్, మార్కు చూసి పెడితే బండి నడుస్తది. ఉరకాలంటె మాత్రం కొలవాలె" అని ఆయన బదులుచెప్పెను.

ఆ మాటలో నిజమున్నది. చక్రము పోతలో, గొలుసు సాగులో, కామ్ చెక్కుటలో పొరపాట్లు కూడుకొని చుక్కలను అబద్ధము చేయును. కామ్ చక్రమునకు 40 పళ్ళున్నవనుకొందము. ఒక్క పన్ను తప్పినచో కామ్ 9 డిగ్రీలు, క్రాంకు లెక్కన 18 డిగ్రీలు తప్పును. సిలిండరు తలమీద కామ్ ఉండు ఇంజన్లలో, తలను అరగదీసి అదుముడు పెంచినచో కామ్ క్రిందికి జరిగి, దాని వేళ ఆలస్యమగును. కనుక కొలత తప్పదు.

ఆయన మొదట క్రాంకుషాఫ్టు కొసకు డిగ్రీలు గీసిన గుండ్రని పళ్ళెము బిగించి, ప్రక్కన తీగముల్లు నిలిపెను. పిస్టను సరిగా పైకొసకు ఎప్పుడు చేరునో కంటితో తెలియదు. అచ్చట అది కొన్ని డిగ్రీలసేపు కదలనట్లే యుండును. అందుచే ప్లగ్గు రంధ్రములో ఒక మర బిగించి, పిస్టను దానికి తగులునంతదాక ఇంజనును చేతితో ఒకవైపు త్రిప్పెను, తరువాత రెండవవైపు. ఒకవైపు 24, రెండవవైపు 28 వచ్చినవి. సగటు 26. రెండు వైపులను 26 చూపునట్లు ముల్లును సరిచేయగా, నిజమైన సున్న దొరకినది. పిమ్మట మర తీసివేసి, గాలి కవాటపు ట్యాపెట్టుమీద డయల్ గేజి ఉంచెను. కామ్ శిఖరమును కూడ కంటితో పట్టలేము. కనుక శిఖరమునకు ముందు ఒక నిర్ణీతమైన ఎత్తువద్ద ఒక లెక్క, తరువాత అదే ఎత్తువద్ద మరొక లెక్క వ్రాసికొనెను. 76, 152. సగటు 114. కావలసినది 110. కామ్ నాలుగు డిగ్రీలు ఆలస్యముగా నున్నదన్నమాట. ఇరుసును చక్రమును కలుపు కీ అను ఉక్కుచీలను మార్చి, కొంచెము ప్రక్కకు చెక్కిన వేరొక కీ వేసెను. మరల కొలువగా 72, 148 వచ్చినవి. సగటు 110.

అంతటితో ఆయన ఇంజనును మూయలేదు. పిస్టను తలమీద మెత్తని మట్టి అద్ది, తలను బిగించి, చేతితో రెండు చుట్లు త్రిప్పి, విప్పి చూచెను. కవాటము మట్టిలో వేసిన గుంట అడుగున ఎంత మందము మిగిలినదో కొలిచెను. రెండు తలుపులును తెరచియుండు వేళనే పిస్టను పైకి వచ్చును. చోటు చాలకున్నచో కవాటము వంగును, పిస్టను పగులును. నెలల శ్రమ ఒక్క క్షణములో పోవును. "తొందరపడి స్టార్టరు కొడితె అంతా ఖరాబ్" అనుచు ఆయన చేతులు తుడుచుకొనెను.

ఆ తరువాత ఆయన ఒక నూనెమరకల నోటుపుస్తకము తెరచి ఆనాటి అంకెలు వ్రాసికొనెను. అందులో ఏ ఇంజనుకు ఏ కామ్, ఎన్ని డిగ్రీలు, నడచిన పిమ్మట యజమాని యేమనెను, ఇన్నియు ఉర్దూలోను, తెలుగులోను కలిపి వ్రాసియున్నవి. కామ్‌ను కొంచెము ముందుకు జరిపినచో ఊరిలో నెమ్మదిగా నడచునపుడు బలము పెరుగును. వెనుకకు జరిపినచో దూరపు దారిలో పైవేగము పెరుగును. రెండును ఒక్కసారి రావు. యజమాని కోరినదేమి, నిజముగా అవసరమైనదేమి యని విచారించి అంకె నిర్ణయించుటయే ఆయన విద్య.

ఈ విద్యకు తెలుగువారిలో మరొక పెద్ద నెలవు తమిళదేశపు కోయంబత్తూరు. తెలుగు మాటలాడు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడు 1920లో ఒక బస్సు కొని, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తానే నడిపెను. ఆ బస్సునుండి పెద్ద రవాణా సంస్థను, పలు పరిశ్రమలను కల్పించెను. అదే ఊరి తెలుగు కుటుంబములలో పుట్టిన కరివర్ధన్ ఎనుబదవ దశకమున మారుతి 800 ఇంజనుతో ఒంటి ఆసనపు పందెపు కార్లు చేయించెను. ఆ ఇంజను 796 ఘన సెంటీమీటర్లది, మూడే సిలిండర్లు, కామ్‌షాఫ్టు తలమీద నుండి రబ్బరు పట్టాతో తిరుగును. విదేశపు కార్లు కొనగల ధనికులకే పరిమితమైన పందెమును ఆయన మన దేశపు సామాన్య ఇంజనుతో యువకులకు అందుబాటులోనికి తెచ్చెను. అట్టి కార్లలో చేయి తిరిగిన నారాయణ్ కార్తికేయన్ 2005లో భారతీయులలో మొదటివాడుగా ఫార్ములా వన్ పందెమున పాల్గొనెను. కరివర్ధన్ దానిని చూడలేదు. 1995లో విమాన ప్రమాదమున మరణించెను. 2003లో తెరచిన కోయంబత్తూరు పందెపు బాటకు ఆయన పేరు పెట్టిరి.

ఇంతలో ఉస్తాదుల నిర్ణయమును యంత్రములే చేయనారంభించినవి. 1980లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో, 1989లో జపాను దేశపు హోండా, ఇంజను నడచుచుండగనే కవాటముల వేళను మార్చుకొను కార్లను అమ్మకమునకు తెచ్చినవి. నెమ్మదికొక వేళ, పరుగునకొక వేళ. తరువాత మరొక మార్పు మన ఇంటిముంగిటికే వచ్చినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరము ఒడ్డున, చిక్కడపల్లికి కొద్ది దూరముననే, ఫార్ములా ఇ పందెము జరిగినది. ఫ్రాన్సు దేశస్థుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ కార్లన్నియు విద్యుచ్ఛక్తితో నడచినవి. వానిలో కవాటములు లేవు, కామ్‌షాఫ్టు లేదు. మన నగరపు రవాణా సంస్థ గూడ 2019నుండి విద్యుద్బస్సులను నడుపుచున్నది. గాలి శుభ్రపడుటకు ఈ మార్పు అవసరము. దీనికి విచారింపవలసిన పనిలేదు.

విచారింపవలసినది వేరొకటి కలదు. నిజాముగారి కారు ప్రాసాదమున భద్రముగా నున్నది. ఆల్బియన్ బస్సు భద్రముగా నున్నది. ఆ బండ్లను నడచునట్లు నిలిపినవారి లెక్కలు మాత్రము ఎచ్చటను భద్రముగా లేవు. మేము చూచిన ఉస్తాదువద్ద పని నేర్చిన కుఱ్ఱవాడు నేడు విద్యుత్ స్కూటర్లు బాగుచేయుచున్నాడు. వాని బ్రతుకుతెరువు వానిది, తప్పుపట్టరాదు. నోటుపుస్తకమేమి చేయుదువని అడిగితిమి. ఆయన దానిని మా చేతికిచ్చి, "మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి" అనెను.

మా సమాధానమిది. అశోక్‌నగర్ చదువుల వీథులలో వేలాది యువకులు పరీక్షలకై రాత్రింబవళ్ళు చదువుచున్నారు. వారిలో ఇంజనీరింగు చదివినవారు పలువురు. అట్టివారిలో ఒకరిద్దరు ఆదివారము రెండు గంటలు ఆ దుకాణమున కూర్చుండి, ఉర్దూ తెలిసినవారి సహాయముతో ఆ పుస్తకమును శుద్ధప్రతి చేయవలెను. ఉస్తాదు ఉండగనే ప్రతి అంకెకు కారణము అడిగి వ్రాసికొనవలెను. కారణము లేని అంకె రేపటివారికి పనికిరాదు. ఒక ప్రతిని చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు సమర్పించి, దానికి ఒక అరలో చోటిమ్మని కోరవలెను. మొదటి ఇరువది పుటలను మేము ఇప్పటికే ఎత్తి వ్రాసితిమి. మిగిలినవి నూట నలుబది.